ఇంటర్ చరిత్ర నోట్సు భారం కాకుండా

లెక్చరర్ చెప్పిన ప్రతి మాటా రాస్తే చెయ్యి నొప్పే మిగులుతుంది. పేజీకి ఎడమవైపు రెండు అంగుళాలు వదిలి గీత కొట్టండి. కుడివైపు క్లాసులో విన్నది. ఎడమవైపు, ఆ రాత్రే, దానికి సరిపడే ప్రశ్న.

మన విశాఖ దగ్గరి పద్మనాభం యుద్ధమే చూడండి. కుడివైపు: "1794 జూలై 10. ఈస్టిండియా కంపెనీకి పేష్కష్ (కప్పం) బకాయి. విజయనగరం రాజు రెండో విజయరామరాజు మృతి." ఎడమవైపు: "ఎందుకు జరిగింది?" తేదీ ఒక్కటే రాసుకుంటే పెద్ద ప్రశ్నకు జవాబు రెండు వాక్యాలకే ఆగిపోతుంది. కారణం ఉంటేనే సాగుతుంది.

ఆదివారం కుడివైపు మూసి, జవాబులు పైకి చెప్పండి. తడబడినవే మళ్లీ చదవండి. రంగు పెన్నులు రెండు చాలు, ఐదైతే అది ముగ్గే!

క్లాసు పోతే స్నేహితుల నోట్సు ఫోటో తీసి వదిలేయకండి. సగానికి కుదించి చేత్తో రాయండి.