బరువు మడత కత్తి ఉన్నవాళ్లకు

బక్ 110 లాంటి పాతకాలపు లాక్ మడత కత్తి ముచ్చటపడి కొన్నారా? 1960ల నుంచి వస్తున్న మోడల్ అది. ఇత్తడి, చెక్క పిడితో దాదాపు 200 గ్రాములు తూగుతుంది. ప్యాంటు జేబు కిందికి లాగేస్తుంది, లుంగీలో దోపుకునే సంగతి ఇక చెప్పక్కర్లేదు. బెల్టుకు తోలు పౌచ్ ఉండాల్సిందే.

కాకపోతే మన ముత్తుకూరు, కోట వైపు రొయ్యల గుంటల దగ్గర ఉప్పుగాలి. రాత్రంతా తడి తోలులో వదిలేస్తే ఇత్తడికి పచ్చ చిలుము, బ్లేడుకు తుప్పు మచ్చలు ఖాయం. ఇంటికి రాగానే బయటికి తీసి, మంచినీళ్లతో కడిగి, ఆరాక కీలులో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది.

అసలు చూసుకోవాల్సింది లాక్ గాడి, అంటే తెరిచిన బ్లేడు ముడుచుకోకుండా పట్టి ఉంచే లాక్ కూర్చునే గాడి. మేత పొడి, బురద అందులో చేరితే లాక్ పూర్తిగా కూర్చోదు, కోస్తుండగా బ్లేడు వేళ్ల మీదికి ముడుచుకోవచ్చు. పుల్లతోనో పాత టూత్‌బ్రష్‌తోనో గాడి శుభ్రం చేయండి. తెరిచినప్పుడు ‘టక్’మని గట్టిగా వినబడాలి.

ఉత్త బస్తా తాళ్లు కోయడానికే అయితే, నన్నడిగితే చిన్న తేలిక కత్తి చాలు. చెన్నైలో విమానం ఎక్కేవాళ్లు మాత్రం ఏ కత్తినైనా చెక్-ఇన్ సామానులోనే పెట్టండి, చేతిబ్యాగులో పోనివ్వరు.