జనం మనసులో మీ బ్రాండ్ ఏంటో తెలుసుకున్నాకే పోస్ట్ పెట్టండి

రోజుకో రీల్ వేస్తున్నా లైకులు మా ఆఫీసు వాళ్లవే కనిపిస్తున్నాయి అని బాధపడేవాళ్లు ముందు రీల్స్ ఆపండి. మీ బ్రాండ్ పేరు సెర్చ్‌లో కొట్టి, మీరు లేనిచోట జనం ఏమంటున్నారో ఓ గంట కూర్చుని చదవండి. మీ పేజీ కింద కొంచెం మొహమాటం ఉంటుంది. గూగుల్ రివ్యూల్లో, రెడిట్ లాంటి చర్చా సైట్లలో, వేరేవాళ్ల యూట్యూబ్ వీడియోల కింద అదేం ఉండదు. జోకులు, తిట్లు, పెట్టిన పేర్లు, అన్నీ ఉన్నదున్నట్టు రాసుకోండి.

ఆ కాగితం ఎంత విలువైనదో భాషలు నేర్పే యాప్ డ్యుయోలింగోని చూస్తే అర్థమవుతుంది. పాఠం ఎగ్గొడితే దాని గుర్తు అయిన ఆకుపచ్చ గుడ్లగూబ నోటిఫికేషన్లతో వెంటపడుతుంది కదా, "ఇవాళ స్పానిష్ చదవకపోతే ఇంటికొచ్చేస్తుంది" లాంటి జోకులు మొదట వేసింది యూజర్లే. కంపెనీ 2021లో టిక్‌టాక్‌లో ఆ జోకునే అందిపుచ్చుకుని, గుడ్లగూబ వేషం వేసిన మనిషిని ఆఫీసంతా తిప్పింది, జనం పడిపడి నవ్వారు. 2025 ఫిబ్రవరిలో గుడ్లగూబ చచ్చిపోయిందని ప్రకటించి, మళ్లీ బతకాలంటే అందరూ కలిసి 5,000 కోట్ల ఎక్స్‌పీ (పాఠాలు చదివితే వచ్చే పాయింట్లు) తేవాలంటే నిజంగానే కూర్చుని పాఠాలు చదివారు!

మూడు నెలలు తిరక్కముందే కథ అడ్డం తిరిగింది. ఇకపై మాది ఏఐ-ఫస్ట్ (ఏ పనికైనా ముందు ఏఐనే వాడే) కంపెనీ, ఏఐ చేయగల పనులకు కాంట్రాక్టర్లను మెల్లగా మానేస్తాం అని సీఈవో లూయిస్ వాన్ ఆన్ ఏప్రిల్‌లో రాశారు. గుడ్లగూబ అదే, జోకులూ అవే, కానీ ఏ వీడియో పెట్టినా కింద ఏఐ గొడవే. మే నెలలో టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తీసేశారు.

అందుకే ఆ చదవడం ఒకసారితో అయిపోయే పని కాదు, నెలకోసారైనా చేయండి, ధర పెంచినా, ప్యాకింగ్ మార్చినా వెంటనే చేయండి.

ఇక లెక్కల దగ్గర, లైకుల కంటే షేర్లు చూడండి. ఫాలో కానివాళ్లకు పోస్ట్ చేరడంలో, దాన్ని చూసినవాళ్లలో ఎంతమంది ఇంకొకరికి పంపారన్నది చాలా ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ హెడ్ ఆడమ్ మొస్సేరియే చెప్పారు. స్నేహితుడికి ఒక బ్రాండ్ పోస్ట్ పంపడమంటే ఎంతో కొంత పూచీ పడటమే, చిరాకున్న బ్రాండ్‌కి ఆ పని ఎవరూ చేయరు. కామెంట్లు మాత్రం తిట్టడానికి కూడా వస్తాయి. బ్రిటన్ బర్గర్ కింగ్ 2021 మహిళా దినోత్సవం నాడు ఆడవాళ్ల చోటు వంటింట్లోనే అని ట్వీట్ చేసి, మహిళా షెఫ్‌లకు స్కాలర్‌షిప్ అన్న అసలు సంగతి కింద రిప్లైల్లో పెట్టింది. కామెంట్లకు కొదవ లేదు, చివరికి డిలీట్ చేసి సారీ చెప్పుకుంది.

నేను చూసుకునే ఒక పచ్చళ్ల పేజీలో కూడా ఇలా బయటి మాటలు చదివాకే దారి దొరికింది. మేం కామెడీ రీల్స్ వేస్తూ మురిసిపోతున్నాం, రివ్యూల్లో మాత్రం అమెరికా పార్సిల్లో నూనె కారి బట్టలు పాడయ్యాయని రాశారు. కామెడీ ఆపి, మూత బిగించి, టేపు చుట్టి, రెండు కవర్లేసి సీసాని తలకిందులుగా పట్టుకున్న వీడియో ఒకటి పెట్టాం, మ్యూజిక్ కూడా లేదు. ఆ పేజీలో ఎక్కువమంది ఒకరికొకరు పంపుకున్నది అదే.