పాత ఆఫీసు గురించి నోరు విప్పాలనుకుంటే

ఒడిశాలోని రాయగడలో నేను మానేసిన ఆఫీసులో టార్గెట్ అందుకోనివాళ్లని పొద్దున్న మీటింగ్ అయ్యేదాకా గోడవైపు తిప్పి నిలబెట్టేవాళ్లు. దాని గురించి రాద్దామని కూర్చుంటే మొదటి డ్రాఫ్టు నిండా తిట్లే, చెరిపేశాను.

ముందు రావాల్సిన జీతం, రిలీవింగ్ లెటర్, పీఎఫ్ సంగతి తేల్చుకోండి. తర్వాత ఏ తేదీన ఏం జరిగిందో, ఎవరి ముందు జరిగిందో రాసుకుని, వాట్సాప్ మెసేజీల స్క్రీన్‌షాట్లు సొంత మెయిల్లో దాచుకోండి. కస్టమర్ల వివరాలు మాత్రం వద్దు.

"మేనేజరు శాడిస్టు" అని కాదు, "ఫలానా రోజు 40 నిమిషాలు నిలబెట్టారు" అని రాయండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో పరువునష్టానికి 2 ఏళ్ల దాకా జైలుంది. శిక్ష తప్పాలంటే రాసింది నిజమైతే చాలదు, అది బయటపెట్టడం వల్ల జనానికి మేలు ఉండాలి. లైంగిక వేధింపైతే దారే వేరు: పనిచేసే చోట వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం మామూలుగా అది జరిగిన 3 నెలల్లోపు అలాంటి ఫిర్యాదులు వినే కమిటీకి ఫిర్యాదు చేయాలి, అందులోని పేర్లూ వివరాలూ బయటపెట్టకూడదు.

ఇంకోటి, మనది చిన్న ఊరు. పేరు రాయకపోయినా "కలెక్షన్లు చూసే తెలుగమ్మాయి" అంటే చాలు, టీకొట్టాయన కూడా ఎవరో చెప్పేస్తాడు. అందుకే ఇంకా అక్కడే పనిచేస్తున్నవాళ్ల సంగతి రాస్తే ముందు వాళ్లకి చదివి వినిపించండి; గుణుపూర్‌లో ఉండే నా స్నేహితురాలు వద్దంది, ఆ ముక్క తీసేశాను.