కొత్త డెస్క్‌టాప్‌కి ప్రాసెసర్: ఇంటెలా, రైజెనా ఎలా తేల్చుకోవాలి?

మా పెద్దమ్మ కొడుకు చెన్నై పెరంబూర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఓ రోజు రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఇంటెల్ కొనాలా, రైజెన్ కొనాలా? ఒక్క ముక్కలో చెప్పు, రేపు పొద్దున్నే రిచీ స్ట్రీట్‌కి వెళ్తున్నా" అన్నాడు. రిచీ స్ట్రీట్ అంటే చెన్నైలో కంప్యూటర్ సామాన్ల బజారు. "రేపు వెళ్లకు. ముందు నీ పాత సిస్టమ్ దగ్గర పది నిమిషాలు కూర్చో" అన్నాను. మీకు చెప్పేదీ అదే.

మొదటి పని: పాత సిస్టమ్ ఎక్కడ ఆగుతోందో చూడండి

మీరు రోజూ చేసే పనుల్లో బాగా విసిగించేదేదో అది మొదలుపెట్టండి. అది నడుస్తుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరవండి.

మెమరీ 90 శాతం దాటి ఉంటే మీకు కావాల్సింది ర్యామ్. డిస్క్ 100 దగ్గరే కూర్చుంటే ఎస్‌ఎస్‌డీ. గేమ్ ఆడేటప్పుడు జీపీయూ 97, 98 దగ్గర నిలిచిపోతే అడ్డం గ్రాఫిక్స్ కార్డే. అప్పుడు ఎంత ఖరీదైన ప్రాసెసర్ పెట్టినా ఫ్రేములు పెద్దగా పెరగవు. ఈ మూడూ కాదని తేలితేనే ప్రాసెసర్ సంగతి. సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు చూపించమంటే చిన్న చిన్న గళ్లు వస్తాయి. గళ్లన్నీ నిండిపోతే ఎక్కువ కోర్లున్నది (కోర్ అంటే చిప్ లోపల విడిగా పనిచేసే ఒక్కో భాగం) కావాలి. మొత్తం 20, 30 శాతం దగ్గరే ఉన్నా పని నత్తనడక నడుస్తుంటే, కోర్ల లెక్క పక్కన పెట్టి ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందో చూడాలి.

మావాడు కెమెరా క్లిప్ ఒకటి టైమ్‌లైన్‌లో వేసి ప్లే చేశాడు. తాళి కట్టే షాట్ ముక్కలు ముక్కలుగా కదులుతోంది. సీపీయూ గళ్లన్నీ పైదాకా నిండాయి. జీపీయూలో వీడియో డీకోడ్ గ్రాఫ్ మాత్రం సున్నా దగ్గర గీత గీసినట్టు ఉంది. అంటే వీడియో ఫైల్‌ను విప్పే పనంతా కోర్లే చేస్తున్నాయి, గ్రాఫిక్స్ సాయం లేదు. ఏ చిప్ కొనాలో సగం అక్కడే తేలిపోయింది.

రెండో పని: పనికి తగ్గ చిప్ పట్టుకోండి

ఇప్పుడు ఎదురెదురుగా ఉన్నవి రెండు కుటుంబాలు. ఏఎండీ రైజెన్ 9000 సిరీస్ 2024 ఆగస్టులో వచ్చింది. ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ సిరీస్ అదే ఏడాది అక్టోబరులో వచ్చింది.

వీడియో ఎడిటింగ్ సంగతి ముందు చెప్తాను, మన పెళ్లి వీడియోల వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు 4:2:2, 10 బిట్ హెచ్‌ఈవీసీలో (రంగుల వివరాలు ఎక్కువగా ఉంచే వీడియో ఫార్మాట్) రికార్డ్ చేయగలవు. ఆ ఫైళ్లను విప్పే ప్రత్యేక భాగం ఇంటెల్ చిప్‌లో ఉండే గ్రాఫిక్స్‌లో ఉంది, దాన్నే క్విక్ సింక్ అంటారు. రైజెన్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్ ఈ రకం ఫైళ్లను విప్పదు, ఆ భారమంతా కోర్ల మీద పడుతుంది. అందుకే మావాడికి 20 కోర్ల కోర్ అల్ట్రా 7 265కె తీసుకోమన్నాను. ఒక జాగ్రత్త: ఇంటెల్ చిప్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. కొంచెం తక్కువకు వస్తుందని 265కెఎఫ్ తెస్తే, మనం దేనికోసం ఇంటెల్ వైపు వెళ్లామో అదే లేకుండా పోతుంది. 2025లో వచ్చిన ఎన్విడియా 50 సిరీస్ కార్డు కొంటున్నవాళ్లకు ఈ చిక్కు లేదు, ఆ కార్డులే 4:2:2ని విప్పుతాయి.

గేమ్స్ కోసమైతే నా ఓటు రైజెన్ 7 9800ఎక్స్‌3డీకి. కోర్లు ఎనిమిదే, కానీ ఎల్3 క్యాష్, అంటే చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ, 96 ఎంబీ. మామూలు 9700ఎక్స్‌లో అది 32 మాత్రమే. గేమ్‌కి పదేపదే కావాల్సిన డేటా ర్యామ్ దాకా వెళ్లకుండా పక్కనే దొరుకుతుంది కాబట్టి ఫ్రేములు నిలకడగా వస్తాయి. 4కె మానిటర్ మీద ఆడేవాళ్లకు తేడా తగ్గిపోతుంది, అక్కడ భారం కార్డుదే.

ఆఫీస్ పని, పిల్లల చదువు, కోడింగ్ నేర్చుకోవడం లాంటి వాటికి ఆరు కోర్ల రైజెన్ 5 చాలు.

మూడో పని: చిప్ ధర కాదు, మొత్తం లెక్క వేయండి

ఈ రెండు కుటుంబాలకూ కొత్త మదర్‌బోర్డు, డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ తప్పవు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. అందుకని ముందు ఇంట్లో ఏముందో చూసుకోండి. ఏఎం4 బోర్డు (ఏఎండీ పాత తరం చిప్‌లది), డీడీఆర్4 ర్యామ్ ఉంటే బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5000 సిరీస్ చిప్ వేసుకోవచ్చేమో బోర్డు కంపెనీ సైట్‌లో చూడండి. 2018లో వచ్చిన బీ450 బోర్డుల్లో కూడా ఇది కుదురుతుంది. మధ్యతరగతి ఇంటికి ఇంతకంటే మంచి బేరం నాకు కనబడలేదు.

కొత్తగా అన్నీ కొనేవాళ్లు బోర్డు మీద చిప్ కూర్చునే సాకెట్ ఆయుష్షు కూడా చూడాలి. రైజెన్ 9000 కూర్చునే ఏఎం5 సాకెట్‌ను కనీసం 2027 దాకా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఇంటెల్ రెండు మూడు తరాలకోసారి సాకెట్ మార్చడం అలవాటు. ఐదేళ్ల తర్వాత బోర్డు అలాగే ఉంచి చిప్ మాత్రం మార్చాలనుకునేవాళ్లకు ఏఎం5 నయం.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14వ తరం కె చిప్‌లు (పేరు చివర కె ఉన్నవి) చవగ్గా వస్తుంటాయి. ఎక్కువ వోల్టేజీ వల్ల వాటిలో కొన్ని పాడవుతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది, చిప్ లోపలి సాఫ్ట్‌వేర్‌కి (మైక్రోకోడ్) అప్‌డేట్లు ఇచ్చింది. అప్‌డేట్ మున్ముందు నష్టాన్ని ఆపుతుందే గానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు. బాక్సూ బిల్లూ లేకుండా అది కొనకండి.

నాలుగో పని: మన ఎండని లెక్కలోకి తీసుకోండి

కంపెనీ లెక్కలో 65 వాట్లు అని ఉన్న రైజెన్ 5 9600ఎక్స్ నిండుగా పనిచేస్తే 88 వాట్ల దాకా తీసుకుంటుంది. 125 అని ఉన్న 265కె 250 దాకా వెళ్తుంది. కూలర్ ఎంత మంచిదైనా గది గాలితోనే చల్లార్చాలి. ఏసీ వేసిన 26 డిగ్రీల గదిలో కంటే, మే నెల మధ్యాహ్నం 36 డిగ్రీల గదిలో అదే చిప్ దాదాపు ఇంకో పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. ఏసీ లేని మేడ మీద గది అయితే ఒక మెట్టు తక్కువ చిప్ తీసుకుని, మిగిలిన డబ్బు కూలర్ మీద పెట్టండి. 9600ఎక్స్‌తో గానీ, కె చిప్‌లతో గానీ బాక్స్‌లో కూలర్ రాదు.

ఐదో పని: కౌంటర్ దగ్గర తొందరపడకండి

చిప్ సీల్ బాక్స్‌లోనే అడగండి. దానికి కంపెనీ వారంటీ మూడేళ్లు. ట్రే పీస్ అని బాక్స్ లేకుండా చవగ్గా ఇచ్చేదానికి షాపు వాళ్లు ఒప్పుకున్న వారంటీ తప్ప ఇంకేం ఉండదు. రైజెన్ 9000కి పాత బీ650 బోర్డు ఇస్తుంటే బయోస్ అప్‌డేట్ చేశారా అని అడిగి, చేయించుకునే తీసుకోండి.

బోర్డు బాక్స్ అక్కడే తెరిపించండి. పిన్నులు ఇప్పుడు చిప్‌కి ఉండవు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి. ఏఎం5లో 1718, కోర్ అల్ట్రా బోర్డులో 1851. ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ టార్చ్ పక్కవాటుగా పట్టుకుంటే వరసలన్నీ ఒకేలా మెరవాలి. ఎక్కడైనా ఒక చుక్క నల్లగా కనిపించినా, మెరుపు పక్కకి తిరిగినా అక్కడ పిన్ వంగినట్టే. ఒకసారి ఇది చూడకుండా బోర్డు ఇంటికి తెచ్చుకున్నాను. మూలన రెండు పిన్నులు వంగి ఉన్నాయి. వెనక్కి తీసుకెళ్తే, మీరే వంచారన్నారు, నా దగ్గర రుజువు లేదు. అప్పటినుంచి మూత తీసిన వెంటనే సాకెట్ ఫోటో, సీరియల్ నంబర్ ఫోటో కౌంటర్ మీదే తీసుకుంటున్నాను. బిల్లు మీద ఆ నంబర్ రాయించుకున్నాకే డబ్బులిస్తున్నాను.