ఓటీలో (ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు చేసుకోగలిగేలా సాయపడే థెరపీ) గ్రూప్ సెషన్ ఎలా ప్లాన్ చెయ్యాలి
చాలామంది ముందు యాక్టివిటీ ఎంచుకుని తర్వాత దానికో గోల్ అతికిస్తారు, నేనూ మొదట్లో అదే చేశా, కానీ రివర్స్‌లో చెయ్యాలి. ముందు ఒక్కొక్కరినీ అసెస్ చేసి, అవసరాలు కలిసేవాళ్లని 6 నుంచి 8 మందిని పెట్టుకోండి చాలు, ఇంకా ఎక్కువైతే మాట్లాడేవాళ్లే మాట్లాడతారు. కలిసి పనిచెయ్యడం ఇంకా కష్టమనిపించేవాళ్లకి ప్యారలల్ గ్రూప్‌తో మొదలెట్టండి, అంటే పక్కపక్కనే కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకోవడం.

అసలు పని యాక్టివిటీ అయ్యాకే ఉంటుంది. గంట సెషన్ అయితే కొలాజ్ (కాగితాలు, బొమ్మలు కత్తిరించి అతికించడం) లాంటి యాక్టివిటీకి 20 నిమిషాలు దాటనివ్వకండి, మిగతా టైమ్ చేసింది ఒకరికొకరు చూపించుకోడానికి, చేస్తుంటే ఎలా అనిపించిందో చెప్పుకోడానికి, ఇంటికెళ్లాక ఇది ఎక్కడ పనికొస్తుందో మాట్లాడుకోడానికి కావాలి. ఈ చివరిది టైమ్ లేదని వదిలేస్తే అది థెరపీ కాదు, క్రాఫ్ట్ క్లాసే!

ఎవరైనా మౌనంగా ఉంటే బలవంతం చెయ్యొద్దు, పేపర్లు పంచే పని ఇచ్చి చూడండి. కత్తెరలు మాత్రం మీరే లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి, మెంటల్ హెల్త్ వార్డులో అయితే మరీను. నోట్స్ ఒక్కొక్కరికీ విడిగా, వాళ్ల గోల్‌ని బట్టి రాయాలి, అందరికీ ఒకటే పేరా కాపీ పేస్ట్ చెయ్యకండి.