స్పానిష్ మూడో సెమిస్టరు: తెలుగు మీదుగా ఒక దారి

విశ్వవిద్యాలయంలో స్పానిష్ తీసుకున్న తెలుగు విద్యార్థికి మొదటి రెండు సెమిస్టర్లు సాధారణంగా సాఫీగానే గడుస్తాయి. పేరూ ఊరూ చెప్పుకోవడం, హోటల్లో భోజనం అడగడం, వర్తమాన కాలంలో నాలుగు ముక్కలు మాట్లాడడం ఆ దశకు సరిపోతాయి. ఇబ్బంది మూడో సెమిస్టరులో మొదలవుతుంది. ఐరోపా మండలి 2001లో ప్రచురించిన భాషా స్థాయుల చట్రం ప్రకారం ఇది ఏ2 అనే ప్రాథమిక స్థాయి దాటి బీ1 అనే మధ్య స్థాయి వైపు అడుగువేసే చోటు. అంటే బట్టీ పట్టిన వాక్యాలను వదిలి, జరిగిన సంగతిని వరుసగా చెప్పడం, ఒక కోరికనో సందేహాన్నో బయటపెట్టడం, ఒకరి మాటను ఇంకొకరికి చేరవేయడం రావాలి. హైదరాబాదులోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో చదివేవారికైనా, డిగ్రీకి విదేశీ భాష తప్పనిసరి కావడం వల్ల అమెరికాలో ఈ తరగతిలో కూర్చున్నవారికైనా ఇక్కడ ఎదురయ్యే చిక్కులు అవే: రెండు భూతకాలాలు, సర్వనామాల వరుస, కోరికా సందేహం వంటివి చెప్పే సబ్జంక్టివ్ అనే క్రియారూపం.

ఈ చిక్కులను మన చేతికొచ్చే పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు ద్వారా వివరిస్తాయి. ఆ వివరణ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి కష్టాలను దృష్టిలో పెట్టుకుని రాసింది కాబట్టి, మనకు లేని కష్టాలను కూడా మన నెత్తిన పెడుతుంది. నేను చెప్పే పద్ధతి ఒక్క మాటలో ఇది: స్పానిష్ వాక్యానికి అర్థం ఇంగ్లీషులో కాక తెలుగులో రాసుకోండి, తెలుగు ఎక్కడిదాకా తోడొస్తుందో ఎక్కడ చెయ్యి వదిలేస్తుందో గుర్తు పెట్టుకోండి.

ఈ సంగతి నాకు ఒక పరీక్ష పాడుచేసుకున్నాక తెలిసింది. మూడో సెమిస్టరు మధ్యలో ‘నా బాల్యం’ గురించి ఒక పేజీ రాయమన్నారు. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరికి వెళ్ళేవాళ్ళం, మధ్యాహ్నం చెరువులో ఈదేవాళ్ళం, రాత్రి డాబా మీద పడుకునేవాళ్ళం అన్నది నా మనసులో ఉన్న కథ. దాన్ని ముందు ఇంగ్లీషులో అనుకుని, అక్కడ ‘వెంట్’, ‘స్వామ్’, ‘స్లెప్ట్’ అని మామూలు భూతకాలం వచ్చింది కదా అని స్పానిష్‌లో ‘ఫుయిమోస్’, ‘నదామోస్’, ‘దొర్మీమోస్’ అని రాశాను. తిరిగివచ్చిన కాగితంలో దాదాపు ప్రతి క్రియ కిందా ఎర్రగీత ఉంది. నేను రాసినదాని ప్రకారం మేము ఒక్కసారి వెళ్ళి, ఒక్కసారి ఈది, ఒక్క రాత్రి పడుకుని వచ్చేశాం! రాయవలసినది ‘ఈబామోస్’, ‘నదాబామోస్’, ‘దొర్మీయామోస్’. వెళ్ళాం, వెళ్ళేవాళ్ళం అన్న తేడా పుట్టినప్పటి నుంచీ నా నోట్లో ఉండగా, ఇంగ్లీషు దారిలో దాన్ని నేనే పారేసుకున్నాను.

కాబట్టి భూతకాలాల పాఠం వచ్చినప్పుడు ముందు తెలుగు క్రియను తేల్చుకోండి. ‘-ఏవాణ్ణి’, ‘-ఏదాన్ని’, ‘-ఏవాళ్ళం’ అని ముగిసే అలవాటు క్రియ అయితే ఇంపెర్ఫెక్తో, అంటే అలవాటునూ నేపథ్యాన్నీ చెప్పే భూతకాలం. ‘వంట చేస్తుండగా ఫోన్ మోగింది’ అన్నప్పటి ‘చేస్తుండగా’ కూడా ఇంపెర్ఫెక్తోయే, ‘మోగింది’ మాత్రం ఇందెఫినీదో, అంటే ముగిసిన పనిని చెప్పే భూతకాలం. అప్పటి వయసు, వాతావరణం, ఇల్లు ఎలా ఉండేదన్న వర్ణన ఇంపెర్ఫెక్తోలోకే వెళ్తాయి. ఒక్క చోట జాగ్రత్త అవసరం. ‘నిన్న రోజంతా చదువుతూనే ఉన్నాను’ అని మనం సాగదీసి అంటాం, కానీ ఆ చదువుకు మొదలూ చివరా ఉన్నాయి, లెక్క ముగిసింది. అందువల్ల స్పానిష్ దాన్ని ‘ఎస్తుద్యే’ అని ఇందెఫినీదోలో చెబుతుంది. పని ఎంతసేపు సాగిందన్నది కాదు, దానికి హద్దు చెప్పామా లేదా అన్నది ప్రశ్న.

పుస్తకాలు ‘అర్థం మారే క్రియలు’ అని ఒక పట్టిక ఇచ్చి భయపెడతాయి. తెలుగులో చూస్తే అందులో భయపడవలసింది పెద్దగా లేదు. ‘సబీయా’ అంటే అప్పటికే తెలుసు. ‘సూపే’ అంటే తెలిసింది. ‘కొనొసీయా’ అంటే ఆయన నాకు ముందే పరిచయం; ‘కొనొసీ’ అంటే ఆయన పరిచయమయ్యారు. తెలుసుకూ తెలిసిందికీ తేడా మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. రూపాలను మాత్రం బట్టీ పట్టక తప్పదు. ఇంపెర్ఫెక్తోలో దారి తప్పే క్రియలు మూడే: సేర్ (ఉండడం, అవడం), ఈర్ (వెళ్ళడం), వేర్ (చూడడం). ఇందెఫినీదోలో చాలా ఉన్నాయి గనుక వాటిని అచ్చును బట్టి గుంపులు కట్టుకోండి: ‘ఉ’ గుంపులో తూవే, ఎస్తూవే, పూదే, పూసే, సూపే, ‘ఇ’ గుంపులో ఈసే, వీనే, కీసే, చివర గొంతు హకారం వినిపించే గుంపులో దీహే, త్రాహే. సేర్, ఈర్ రెండింటికీ ఇందెఫినీదో రూపాలు ఒకటే. ‘ఫూయీ’ అంటే ఉన్నానా వెళ్ళానా అన్నది పక్క మాటలే చెబుతాయి.

‘గుస్తార్’ (నచ్చడం) క్రియను తరగతిలో చాలా గంటలు రుద్దుతారు. ‘నేను కాఫీని ఇష్టపడతాను’ అన్న మూసలో ఆలోచించేవారికి అది తలకిందుల వాక్యం. ‘నాకు కాఫీ ఇష్టం’ అనేవారికి అది సొంతింటి వాక్యం. ‘మే గుస్తా ఎల్ కఫే’లో ‘మే’ అంటే ‘నాకు’. ఇంకా దగ్గరగా చూడండి: ‘నాకు పాట నచ్చింది’, ‘నాకు పాటలు నచ్చాయి’ అన్నప్పుడు మన క్రియ నాతో కాక పాటతో కలుస్తుంది. స్పానిష్‌లోనూ అంతే: ‘మే గుస్తో లా కన్సియోన్’, ‘మే గుస్తారోన్ లాస్ కన్సియోనెస్’. నాకు అనిపిస్తుంది, నాకు నొప్పిగా ఉంది, నాకు ఒకటి తక్కువైంది అన్న భావాలన్నీ ఈ అచ్చులోనే పోస్తారు. చేతిలోంచి జారి గ్లాసు పగిలితే మనం ‘నేను పగలగొట్టాను’ అనం, ‘నా చేతిలో పగిలింది’ అంటాం. స్పానిష్ వారు కూడా తప్పు తమ మీద వేసుకోకుండా ‘సే మే రొంప్యో ఎల్ వాసో’ అని తప్పుకుంటారు.

సర్వనామాల వరుస కూడా మనదే. ‘అతనికి దాన్ని ఇచ్చాను’ అన్న మూడు మాటలను అదే క్రమంలో పెడితే ‘సే లో దీ’ వస్తుంది. అదనంగా గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది: ‘లే’ (అతనికి), ‘లో’ (దాన్ని) పక్కపక్కన రాకూడదు కనుక మొదటిది ‘సే’ అవుతుంది. అలాగే ‘సినిమా చూశాను’ అంటాం గానీ ‘సీత చూశాను’ అనం, ‘సీతను చూశాను’ అంటాం. మనిషి కర్మ అయినప్పుడు మనం వెనక ‘ను’ తగిలించినట్టే స్పానిష్ ముందు ‘ఆ’ తగిలిస్తుంది: ‘వీ లా పెలీకులా’, కానీ ‘వీ ఆ సీతా’.

‘ఉండడం’ అన్న అర్థానికి స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి; వాటి దగ్గర తెలుగు సగం దూరమే వస్తుంది. ‘ఆమె డాక్టర్’ అన్న వాక్యంలో మనకు క్రియే లేదు, అక్కడ సేర్. ‘ఆమె ఇంట్లో ఉంది’, ‘ఆమె నీరసంగా ఉంది’ అన్నచోట ‘ఉండు’ ఉంది, అక్కడ ఎస్తార్. ఇది చాలా వాక్యాలకు పనిచేస్తుంది. కానీ ‘ఇల్లు పెద్దగా ఉంది’ అన్నా అది ఇంటి గుణమే కాబట్టి స్పానిష్‌లో సేర్ వాడాలి. ‘పెళ్ళి మా ఊళ్ళో’ అన్నట్టు ఒక కార్యక్రమం జరిగే చోటు చెప్పేటప్పుడు కూడా సేర్ వాడాలి. ‘నాకు ఆకలిగా ఉంది’, ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’ అన్నవి మరీ మోసం చేస్తాయి. ‘నాకు’ వినబడగానే ‘మే’ అని నోరు తిరుగుతుంది; అక్కడ కావలసింది ‘తెంగో’ (నేను కలిగి ఉన్నాను). ఈ రకం మోసాలకు నోటు పుస్తకంలో వేరే పేజీ పెట్టండి.

మన విభక్తుల్లాంటి పోర్, పారా అన్న రెండు మాటల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి గానీ నాకు ఒక చిన్న పరీక్ష సరిపోయింది. తెలుగులో ‘వల్ల’, ‘గుండా’, ‘బదులు’, ‘చొప్పున’ అతికితే పోర్. ‘కోసం’, ‘కల్లా’ అతికితే పారా. వాన వల్ల, గంటకు 60 కిలోమీటర్ల చొప్పున, బజారు గుండా అన్నవి పోర్; పరీక్ష కోసం, సోమవారానికల్లా అన్నవి పారా. మిగిలిన కొన్నింటిని వాక్యాలుగా నేర్చుకోవాలి.

సబ్జంక్టివ్‌లో మాత్రం తెలుగును ఎక్కువ నమ్మకూడదు. ‘నువ్వు రావాలని కోరుకుంటున్నాను’ అన్నప్పుడు ‘వస్తావు’ కాస్తా ‘రావాలి’ అయింది చూశారా, అంతవరకు మన భాష ఒక సూచన ఇస్తుంది: ‘కియెరో కే వేంగాస్’. కానీ ‘వస్తాడని ఆశిస్తున్నాను’, ‘వస్తాడని అనుకుంటున్నాను’ అన్న రెండింటిలో మన క్రియ ఒకటే. స్పానిష్ మొదటిదానికి ‘వేంగా’ అనీ రెండోదానికి ‘వియేనే’ అనీ వేరు చేస్తుంది. ‘ఇల్లు చేరగానే ఫోన్ చెయ్యి’ అన్న వాక్యంలోనైతే మన ‘చేరగానే’కు కాలమే లేదు, స్పానిష్‌లో అది ఇంకా జరగని పని కాబట్టి ‘క్వాందో యేగేస్’ అని సబ్జంక్టివ్ తప్పనిసరి. అందుకని ఇక్కడ అనువాదం మానేసి, ముందున్న మాటను పట్టుకోండి. ఎస్పేరో కే (ఆశిస్తున్నాను), కియెరో కే (కోరుకుంటున్నాను), నో క్రేయో కే (అనుకోను), పారా కే (అయ్యేందుకు) వంటి పదిపన్నెండు ముక్కల్లో ఒక్కొక్కదానికి మీ జీవితంలోని నిజమైన వాక్యాలు ఐదేసి రాయండి. రూపం కట్టడం తేలికే: వర్తమానంలో ‘నేను’ రూపం తీసుకుని, చివరి ఓకారం తీసేసి, ‘ఆర్’ క్రియలకు ఏకారం, మిగతావాటికి ఆకారం పెట్టాలి. దీనికి లొంగనివి ఆరు: దార్, ఎస్తార్, అబేర్, ఈర్, సబేర్, సేర్. ‘ఒహలా’ అన్న మాటతో మొదలుపెడితే ఇంకా హాయి. దాని తర్వాత ఎప్పుడూ సబ్జంక్టివే. అరబ్బీలో ‘దేవుడు తలిస్తే’ అన్న మాట నుంచి అది పుట్టింది కాబట్టి, రోజుకు పదిసార్లు ‘ఇన్షా అల్లా’ వినే హైదరాబాదీకి గుర్తుండిపోతుంది.

ఉచ్చారణలో మనకు పెట్టుబడి ముందే ఉంది. ‘తొమాతే’లో తకారం మన తకారమే, ఇంగ్లీషు అలవాటుతో దాన్ని టకారం చేయకండి. ‘కారో’ అంటే ఖరీదైనది, ‘కర్రో’ అంటే కారు. తెలుగు ‘కర్ర’ పలికే నోటికి రెండోది కొత్త కాదు. మనకు కొరత ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. తెలుగులో ఊనిక మారితే మాట అర్థం మారదు, స్పానిష్‌లో కాలమే మారిపోతుంది: మొదటి అక్షరాన్ని నొక్కి ‘ఆబ్లో’ అంటే మాట్లాడుతున్నాను, చివరి అక్షరాన్ని నొక్కి ‘అబ్లో’ అంటే అతను మాట్లాడాడు. అచ్చుతోగాని, ‘న్’, ‘స్’లతోగాని ముగిసే మాటకు చివరినుంచి రెండో అక్షరం మీద, మిగతావాటికి చివరి అక్షరం మీద ఊనిక ఉంటుంది, దీన్ని మీరిన చోట రాతలో గీత గుర్తు పెడతారు. ఆ గీతను అలంకారమనుకుని వదిలేస్తే మార్కులు పోతాయి.

వారం గడిపే తీరు గురించి కొంచెం చెప్పాలి. తరగతికి ముందు ఆ రోజు వ్యాకరణ పేజీని ఒకసారి చదివి వెళ్ళండి, తరగతి సమయాన్ని మాట్లాడడానికే మిగుల్చుకోండి. ప్రతి రాత్రి ఆ రోజు జరిగిన ఒక సంగతిని ఐదారు వాక్యాల్లో స్పానిష్‌లో రాసి, పక్కన తెలుగు రాయండి. దిద్దిన కాగితం చేతికి వస్తే మార్కులు చూసి మడిచి పెట్టకుండా, తప్పులను సరిచేసి మొత్తం మళ్ళీ రాయండి. నాకు ఇంతకన్నా లాభించిన పని లేదు. వినడానికి స్పానిష్ రేడియో వార్తల్లో ఒక రెండు నిమిషాల ముక్క తీసుకుని, రోజుకొక కొత్తది కాకుండా, ఒక్కదాన్నే వారమంతా వినండి. నిఘంటువుగా రాయల్ స్పానిష్ అకాడమీ వారిది అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. అర్థం స్పానిష్‌లోనే ఉంటుంది కనుక మొదట నెమ్మదిగా సాగినా, ఈ స్థాయి నుంచే అలవాటు చేసుకోవాలి. స్పెయిన్ యాసా లాటిన్ అమెరికా యాసా అన్న చర్చలో కాలం పోగొట్టుకోకండి. మీ అధ్యాపకులది ఏదైతే అదే పట్టుకోండి. పలువురిని ‘మీరు’ అనడానికి ‘వొసోత్రోస్’ స్పెయిన్ వారి వాడుక, ‘ఊస్తేదెస్’ అంతటా చెల్లుతుంది, తూ, ఊస్తేద్ తేడా మన నువ్వు, మీరు తేడాకు దగ్గరగానే ఉంటుంది.

కోర్సు ముగిసేనాటికి బయటి పరీక్ష రాయాలనుకుంటే స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ అయిన సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే డేలే అనే స్పానిష్ ధ్రువపత్ర పరీక్షలో బీ1 స్థాయి ఉంది. ఆ సంస్థకు కొత్త ఢిల్లీలో కేంద్రం ఉంది, ఆ పత్రానికి గడువు లేదు. చదవడం, రాయడం ఒక గుంపు, వినడం, మాట్లాడడం ఇంకొక గుంపు. ఒక్కో గుంపుకు 50 మార్కులు, ప్రతి గుంపులోనూ 30 రావాలి, ఒకదానిలో మిగిలినవి ఇంకొకదానికి కలపరు. మన విద్యార్థులు రాతలో సంపాదించి మాటలో పోగొట్టుకునేది ఇందువల్లే. మౌఖిక పరీక్షకు ముందు సిద్ధం కావడానికి 15 నిమిషాలు ఇస్తారు, కాగితం మీద రాసుకున్నది చూడవచ్చు గానీ చదవకూడదు. ఆ కాగితం మీద పూర్తి వాక్యాలు రాయకండి. క్రియలు మాత్రం రాసి, ప్రతిదాని పక్కన ‘వెళ్ళాం’ రకమా ‘వెళ్ళేవాళ్ళం’ రకమా అన్నది ఒక తెలుగు అక్షరంతో గుర్తు పెట్టుకుని లోపలికి వెళ్ళండి.