కారు వయసు లెక్కగట్టడం – 3వ భాగం: వీల్‌బేస్

గత భాగంలో ఇంజిన్‌ను బట్టి కారు వంశాన్ని ఊహించడం నేర్చుకున్నాం. ఇంజిన్‌ను ఒక మోడల్‌లోంచి మరొక మోడల్‌లోకి మార్చడం కంపెనీకి పెద్ద పని కాదు కనుక కారు డిజైన్ అసలు ఎంత పాతదో చెప్పడానికి ఆ ఆధారం ఒక్కటే చాలదు. ఈసారి అంత సులువుగా మారని వీల్‌బేస్‌ను పరిశీలిద్దాం.

ముందు చక్రం నడిమధ్య నుంచి వెనుక చక్రం నడిమధ్య వరకు ఉండే దూరమే వీల్‌బేస్. బంపర్లు, లైట్లు, డ్యాష్‌బోర్డు మార్చి కారుకు కొత్త ముఖం తొడిగినా ఈ దూరం మారదు. దాన్ని మార్చాలంటే అడుగుభాగపు రేకులను ఒత్తే డైలను (అచ్చులను) మళ్లీ చేయించాలి, బాడీని వెల్డింగ్ చేసే ఏర్పాట్లను సవరించాలి. ఆ డైల ఖర్చును ఎప్పుడో రాబట్టుకున్న కంపెనీకి పాత ప్లాట్‌ఫామ్‌ను, అంటే బాడీకి పునాదిగా ఉండే అడుగుభాగపు నిర్మాణాన్ని, వదులుకోవాలన్న తొందర ఎందుకుంటుంది?

మారుతి ఆల్టోను తీసుకుందాం. 2000లో మన దేశంలో విడుదలైన ఆల్టో వీల్‌బేస్ 2360 మిల్లీమీటర్లు. పూర్తిగా కొత్త రూపంతో 2012 అక్టోబరులో వచ్చిన ఆల్టో 800 వీల్‌బేస్ కూడా 2360 మిల్లీమీటర్లే, ఇంజిన్ కూడా అదే 796 సీసీ. ఆ కారు 2023 వరకు తయారైంది. మొదటి తరం వ్యాగన్ ఆర్‌లోనూ, జెన్ ఎస్టిలోలోనూ ఇదే సంఖ్య కనిపిస్తుంది. రెండు కార్ల వీల్‌బేస్ ఒకటైనంత మాత్రాన ప్లాట్‌ఫామ్ ఒకటేనని తీర్మానించకూడదు. ఒకే ప్లాట్‌ఫామ్‌ను సాగదీసి వేరే కొలతతో వాడడమూ ఉంది. కానీ ఒకే కంపెనీ చిన్న కార్లలో ఒకే సంఖ్య ఏళ్ల తరబడి వెంటాడుతుంటే అనుమానించడం న్యాయమే. 2022లో సుజుకి వారి కొత్త ప్లాట్‌ఫామ్ హార్టెక్ట్‌పై వచ్చిన ఆల్టో కె10 వీల్‌బేస్ 2380. తేడా ఇరవై మిల్లీమీటర్లే అయినా పునాది మారిందని చెప్పే తేడా అది.

పాతదైనంత మాత్రాన చెడ్డదని నేను అనను. విడిభాగాలు చవకగా దొరుకుతాయి, ఏ ఊరి మెకానిక్ అయినా విప్పి బిగించగలడు. చిక్కంతా బాడీ దృఢత్వంతోనే. 2014 జనవరిలో, కార్ల భద్రతను పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800కు పెద్దల భద్రతలో ఒక్క నక్షత్రమూ రాలేదు. ఆ బాడీకి ఎయిర్‌బ్యాగులు అమర్చినా పెద్దగా ప్రయోజనం ఉండదని కూడా ఆ సంస్థ చెప్పింది.

పాత ప్లాట్‌ఫామ్‌కు తెరదించేది చాలాసార్లు కంపెనీ నిర్ణయం కాదు, ప్రభుత్వ నిబంధన. 1986 నాటి బాడీతోనే సాగిన మారుతి 800 అమ్మకాలు, భారత్ స్టేజ్ 4 అనే వాహన కాలుష్య నిబంధనల కారణంగా 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో ఆగిపోయాయి. మిగతా చోట్ల కొనసాగి, 2014 జనవరిలో ఉత్పత్తే నిలిచిపోయింది.

అభ్యాసం: కారును చదునైన నేలపై, స్టీరింగ్ తిన్నగా ఉంచి నిలపండి. టేపుతో రెండు వైపులా వీల్‌బేస్ కొలిచి, సగటు తీసి, బ్రోచర్‌లోని సంఖ్యతో సరిచూడండి. ఆపై అదే కంపెనీ పదేళ్ల కిందటి చిన్న కార్ల బ్రోచర్లు వెతికి, ఆ సంఖ్య మొదట ఏ సంవత్సరంలో కనిపించిందో రాసుకోండి. వచ్చే భాగానికి ఆ కాగితం కావాలి.